ఈనె ఎండే దాకా

ఒంగోల్లో మూతపడిన బేకరీ నుంచి
ఏడు వేలకు కొన్నాను ఈ ఓవెన్ని.
మొదటి నెలంతా
పెళ్లికొడుకుల ముఖాల్లోంచి
ఎగ్ పఫ్ వాసన వచ్చేది.

టంగుటూరులో పొగాకు వేలం కేంద్రం ఎదురు సందు.
ఒక షట్టరు, ఒక ప్రింటరు, నేను.
ఫొటోని అద్దంలో బొమ్మలా తిప్పి అచ్చు తీయాలి,
పేరు కుడి నుంచి ఎడమకు నడవాలి.
కాగితం మీద రంగులన్నీ
మూడు ఉతుకులు చూసిన చీరలా వెలవెలబోతుంటాయి.
"ఇదేనా మా బాబు?" అని ఒకావిడ గొడవకొచ్చింది.
ఆగమన్నాను. వేడి తగలాలి.

తెల్ల మగ్గుకి కాగితం చుట్టి,
టేపు అంటించి, రబ్బరు పట్టీ బిగించి,
రెండొందల డిగ్రీలు, పదిహేను నిమిషాలు.
ఆ రంగు కరగదు, కారదు.
నీరనే మజిలీ లేకుండానే
ఆవిరై లేచి
మగ్గు పైపూతలోకి దూరిపోతుంది.
ఇదంతా ఓవెన్ కొనక ముందే చదువుకున్నాను.
ఎక్కడా రాసి లేనిది ఒకటే:
నా ఓవెన్లో ప్రతి ముఖానికీ
ఒక చెంప ఎందుకు పాలిపోతోందో.

ఎనిమిది మగ్గులు పాడయ్యాయి.
ఒకదాంట్లో పెన్నులు పెట్టాను.
సగం పెళ్లికూతురున్న దాంట్లో
రోజూ టీ తాగుతున్నాను.

మాలకొండయ్య వచ్చింది జిరాక్సు కోసం.
బ్యాంకు పాసుపుస్తకం, రెండు కాపీలు.
ముప్పై రెండు సీజన్లు బ్యారన్ల దగ్గర నిప్పు కాసిన మనిషి.
కనుబొమలు ఎప్పుడో కమిలిపోయి
మళ్ళీ మొలవడం మానేశాయి.

ఓవెన్ ముందు గొంతుక్కూర్చున్నాడు.
"ఎంత పెడతా?"
"రెండొందలు."
"నూట అరవై దాటితే ఆకు చెడుద్ది పాపా.
రెండొందలంటే మా రైతు నన్ను తరిమి కొట్టేవోడు."
ఆయనది ఫారెన్‌హీటు, నాది సెంటీగ్రేడు.
చెబితే నవ్వాడు.
"వేడికి పేర్లు ఎన్నయినా పెట్టుకో,
చెయ్యి కాలితే ఒకటే."

తలుపు సందులో అరచెయ్యి పెట్టి
నెమ్మదిగా చుట్టూ తిప్పాడు,
పసిబిడ్డకి జొరం చూసినట్టు.
"ఈ మూల చలి."
రెండొందల డిగ్రీల్లో చలి!
"మంటుంటే చాలదు, గాలి నడవాల.
కింద వరస ఒత్తుగా కడితే
పై ఆకు పచ్చగానే ఉండిపోయేది.
నీ మగ్గులు బస్సులో జనంలా నిలబడుండాయి."

మర్నాడు చీమకుర్తి గ్రానైటు ముక్కొకటి
తువ్వాల్లో చుట్టుకొచ్చి అడుగున పరిచాడు.
ఆరు పెట్టే చోట నాలుగే పెట్టించాడు.
గడియారం వంక చూడనివ్వలేదు.
"తొలి రోజుల్లో రంగు తేలుద్ది.
జనం అదే చాలనుకుంటారు.
ఆకు ఎండుద్ది. అదీ చాలదు.
ఈనె ఎండాల.
ఈనెలో చెమ్ముంటే
బేలు కట్టినాక లోపల్నించి బూజు."

పద్దెనిమిదో నిమిషానికి తలూపాడు.
తొడుగు వేసుకుని కాగితం ఒలిచాను.
రెండు చెంపలూ.

డబ్బులిస్తే తీసుకోలేదు.
"నాకూ ఒకటి చెయ్యి."
ఫొటో అడిగితే జేబులోంచి
పాత క్యాలెండర్ కాగితం మడత విప్పాడు.
లోపల ఆకు.
ఆయన కాసిన ఆఖరి బ్యారన్‌ది.
ఇప్పుడా బ్యారన్లో
కోళ్ల దాణా బస్తాలు.

స్కానరు అద్దం మీద పరిచాను,
విరగకుండా, ఊపిరి బిగబట్టి.
అచ్చు మట్టి రంగులో వచ్చింది.
"మాడినాకు" అన్నాడు.
ఆగమన్నాను, ఈసారి ఆయన్ని.

ఒలిచేసరికి
ఈనెతో సహా తేలింది,
వేలంలో ఎఫ్ వన్ పలికే రంగు.

మగ్గు చల్లారనివ్వలేదు.
గోరుతో గీకాడు, పోలేదు.
ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు పీల్చాడు.
"వాసన లేదు పాపా" అన్నాడు,
తప్పు పట్టినట్టు కాదు,
గ్రేడు రాసుకున్నట్టు.

ఆకుని మళ్ళీ కాగితంలో మడిచి జేబులో,
మగ్గు తువ్వాల్లో.
మొదటి రోజు తీసిన జిరాక్సులు రెండూ
ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి.